రికార్డులను ఒకేసారి నాలుగైదు ఫీల్డ్‌ల మీద సార్ట్ చేయడం ఎలా?

పరీక్ష ఫలితాలు సెక్షన్ల వారీగా కావాలంటారు. ఒక్కో సెక్షన్‌లో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు పైన ఉండాలి. ఇద్దరికీ ఒకే మార్కులు వస్తే లెక్కల్లో ఎవరికి ఎక్కువొచ్చాయో చూడాలి. నోటితో చెబితే ఎవరికైనా అర్థమయ్యే పని ఇది. డేటాబేస్ దగ్గర కూర్చున్నాక మాత్రం ఏ ఫీల్డ్ (అంటే టేబుల్‌లో ఒక కాలమ్) ముందు రాయాలి, ఏది తర్వాత రాయాలి, కిందికి పైకి ఎలా తిప్పాలి అని చాలామంది తడబడతారు. జాబితా తెర మీదకొచ్చాక కూడా అది సరైనదో కాదో తేల్చుకోలేరు.

దీనికంతటికీ మూలం ఒక్కటే సూత్రం. మొదటి ఫీల్డ్‌లో రెండు రికార్డుల విలువ సమానమైనప్పుడే రెండో ఫీల్డ్ పనిచేస్తుంది. మొదటి రెండూ సమానమైతేనే మూడోది. నిఘంటువులో పదాలు పేర్చినట్టే ఇదీ: మొదటి అక్షరంలోనే తేడా ఉంటే రెండో అక్షరం దాకా వెళ్లనే వెళ్లం. ఈ ఒక్క సంగతి మనసులో గట్టిగా పెట్టుకోండి. కింద చెప్పేవన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఇంకో మాట. ఇక్కడ ఎస్‌క్యూఎల్ కీవర్డ్‌లు తెలుగు లిపిలో రాస్తున్నాను (ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌ను ప్రశ్నలడగడానికి వాడే భాష). మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టాలి. ఆర్డర్ బై అంటే జాబితా ఏ క్రమంలో రావాలో చెప్పే భాగం. ఏఎస్‌సీ అంటే చిన్న విలువ నుంచి పెద్దకు, డీఈఎస్‌సీ అంటే పెద్ద విలువ నుంచి చిన్నకు.

1. ముందు కాగితం మీద ఒక వాక్యం రాయండి

కీబోర్డ్ ముట్టుకోకముందే మీకు కావాల్సిన క్రమాన్ని ఒక వాక్యంగా రాసుకోండి: "సెక్షన్ వారీగా, సెక్షన్ ఒకటే అయితే టోటల్ ఎక్కువున్నవాళ్లు ముందు, టోటల్ కూడా ఒకటే అయితే లెక్కల్లో ఎక్కువున్నవాళ్లు ముందు, అదీ సమానమైతే రోల్ నంబర్ క్రమంలో." ప్రతి ముక్కలోనూ "ఒకటే అయితే" అన్న మాట రావాలి. ఆ మాట పెట్టలేకపోతే క్రమం ఇంకా తేల్చుకోలేదన్నమాట. అడిగినవాళ్ల దగ్గరికి వెళ్లి తేల్చుకోండి. చాలాసార్లు వాళ్లకే స్పష్టత ఉండదు, మీరు అడిగాకే ఆలోచిస్తారు.

2. ఆ వాక్యాన్ని అదే వరసలో ఆర్డర్ బైలో పెట్టండి

సెలెక్ట్ రోల్, సెక్షన్, టోటల్, లెక్కలు ఫ్రమ్ ఫలితాలు
ఆర్డర్ బై సెక్షన్ ఏఎస్‌సీ, టోటల్ డీఈఎస్‌సీ, లెక్కలు డీఈఎస్‌సీ, రోల్ ఏఎస్‌సీ;

ఆరు రికార్డులు తీసుకుని చేత్తో చేసి చూద్దాం. టేబుల్‌లో ఇలా పడి ఉన్నాయి:

రోల్ 7, సెక్షన్ ఏ, టోటల్ 480, లెక్కలు 88
రోల్ 12, సెక్షన్ బి, టోటల్ 512, లెక్కలు 95
రోల్ 21, సెక్షన్ ఏ, టోటల్ 480, లెక్కలు 93
రోల్ 3, సెక్షన్ ఏ, టోటల్ 512, లెక్కలు 91
రోల్ 15, సెక్షన్ బి, టోటల్ 455, లెక్కలు 80
రోల్ 9, సెక్షన్ ఏ, టోటల్ 480, లెక్కలు 93

సెక్షన్ చూడగానే 3, 7, 9, 21 ఒకవైపు, 12, 15 ఇంకోవైపు విడిపోతాయి. సెక్షన్ ఏలో 512 వచ్చిన రోల్ 3 పైకి వెళ్తుంది. మిగతా ముగ్గురికీ 480 కాబట్టి ఇప్పుడు లెక్కల మార్కులు చూడాలి. 88 వచ్చిన రోల్ 7 కిందికి పోతుంది. 9, 21 ఇంకా సమానంగానే ఉన్నాయి, రోల్ నంబర్ తేల్చేస్తుంది. బి సెక్షన్‌లో టోటల్ దగ్గరే తేడా తెలిసిపోయింది, లెక్కల దాకా వెళ్లే పని పడలేదు. చివరికి వచ్చే వరస: 3, 9, 21, 7, 12, 15.

ఇప్పుడు మొదటి రెండు ఫీల్డ్‌లను తారుమారు చేసి టోటల్ ముందు, సెక్షన్ తర్వాత రాసి చూడండి. వరస 3, 12, 9, 21, 7, 15 అవుతుంది. సెక్షన్లు కలగాపులగం అయిపోయాయి. తప్పేమీ లేదు, అది వేరే ప్రశ్నకు జవాబు: మొత్తం మీద ఎవరు ముందున్నారు అన్న ప్రశ్నకు. ఫీల్డ్‌లు అవే ఉన్నా వరస మారితే అర్థం మారిపోతుంది.

3. దిశ ప్రతి ఫీల్డ్‌కీ విడిగా రాయండి

"ఆర్డర్ బై టోటల్, లెక్కలు డీఈఎస్‌సీ" అని రాస్తే రెండూ ఎక్కువ నుంచి తక్కువకు వస్తాయని అనుకునేవాళ్లు చాలామంది. రావు. డీఈఎస్‌సీ తన ముందున్న ఒక్క ఫీల్డ్‌కే వర్తిస్తుంది. టోటల్‌కి ఏమీ రాయలేదు కాబట్టి అది ఏఎస్‌సీ కిందే లెక్క, తక్కువ మార్కులవాళ్లు పైకొస్తారు. ఏఎస్‌సీ రాయకపోయినా నడుస్తుంది. అయినా రాయమనే నా సలహా. ఆరు నెలల తర్వాత ఆ క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) చదివేవాళ్లకు మీరు మర్చిపోయారా, కావాలనే వదిలేశారా అన్న అనుమానం ఉండదు.

4. మొదటి ఫీల్డ్‌లో అసలు సమానమైన విలువలు ఉన్నాయా?

ఫిర్యాదుల జాబితా ఒకటి ఉందనుకోండి. "రోజు వారీగా, ఒకే రోజు వచ్చినవాటిలో అర్జెంట్ ముందు" అని అడిగారు. మీరు "ఆర్డర్ బై వచ్చిన_సమయం, ప్రాధాన్యం" అని రాశారు. క్వెరీ నడుస్తుంది, ఎర్రర్ రాదు, ప్రాధాన్యం మాత్రం పనిచేసినట్టే కనిపించదు. కారణం ఏమిటంటే వచ్చిన_సమయంలో తేదీతో పాటు గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉన్నాయి. రెండు ఫిర్యాదులు సరిగ్గా ఒకే సెకనులో రావడం అరుదు. సమానమైన విలువలే లేనప్పుడు రెండో ఫీల్డ్‌కి పనేముంది?

సమయంలోంచి తేదీని మాత్రమే తీసి దాని మీద సార్ట్ చేయండి: "ఆర్డర్ బై కాస్ట్(వచ్చిన_సమయం యాజ్ డేట్), ప్రాధాన్యం, వచ్చిన_సమయం". మూడో స్థానంలో పూర్తి సమయం మళ్లీ పెట్టాం, ఒకే రోజు ఒకే ప్రాధాన్యం ఉన్నవి వచ్చిన క్రమంలో ఉండడానికి.

దశాంశాలతోనూ ఇదే గొడవ. తెర మీద రెండు సగటులూ 79.67 అని కనిపిస్తాయి. లోపల ఒకటి 79.6666, ఇంకోటి 79.6733. కంటికి సమానం, డేటాబేస్‌కి కాదు. ఎన్ని స్థానాలు చూపిస్తున్నారో అన్ని స్థానాలకే రౌండ్ చేసి సార్ట్ చేయండి. సెక్షన్ పేరు వెనక కనిపించని ఒక ఖాళీ ఉన్నా అంతే, ఒక సెక్షన్ రెండుగా చీలిపోవచ్చు. అలాంటివి ట్రిమ్ అనే ఫంక్షన్‌తో (అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేస్తుంది) శుభ్రం చేయాలి, అదీ వీలైతే డేటాలోనే ఒకసారి.

5. చివర్లో తప్పకుండా ఒక యునీక్ ఫీల్డ్ పెట్టండి

ఈ మెట్టు మాత్రం దాటేయకండి. యునీక్ అంటే ఏ రెండు రికార్డుల్లోనూ ఒకే విలువ ఉండని ఫీల్డ్. పైన నేను రోల్ నంబర్ చివర్లో పెట్టింది అందుకే.

1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన, ఈ డేటాబేస్‌లకు పునాది అయిన రిలేషనల్ మోడల్‌లో టేబుల్‌లోని రికార్డులకు క్రమం అనేదే లేదు. ఆర్డర్ బై రాసినంత మేరకే డేటాబేస్ మాట నిలబెట్టుకుంటుంది. రాసిన ఫీల్డ్‌లన్నీ సమానమైన రికార్డులను తనకు ఎలా వీలైతే అలా ఇస్తుంది. ఇవాళ ఒక వరసలో వచ్చినవి రేపు ఇంకో వరసలో రావచ్చు.

మొత్తం జాబితా ఒకే పేజీలో చూపిస్తే దీంతో పెద్ద నష్టం లేదు. పేజీకి 20 చొప్పున చూపిస్తున్నప్పుడే అసలు సమస్య. టోటల్ ఒక్కదాని మీదే సార్ట్ చేశారు. 480 వచ్చినవాళ్లు ఐదుగురు ఉన్నారు, వాళ్లు 18 నుంచి 22వ స్థానం వరకు పరుచుకున్నారు. మొదటి పేజీ అడిగినప్పుడు డేటాబేస్ ఆ ఐదుగురిలో ముగ్గురిని ఇచ్చింది. రెండో పేజీ కోసం క్వెరీ మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. ఈసారి ఆ ఐదుగురి వరస మారితే మొదటి పేజీలో కనిపించినవాళ్లు రెండో పేజీలోనూ కనిపిస్తారు, ఒకరు ఏ పేజీలోనూ కనిపించరు. తన పేరే లేదని ఒకరు ఫోన్ చేస్తారు. మీరు టేబుల్‌లో వెతికితే పేరు భేషుగ్గా ఉంటుంది. ఈ బగ్ పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పలేను, ఎందుకంటే మీ మెషీన్‌లో కొద్దిపాటి డేటాతో అది కనిపించకపోవచ్చు. చివర్లో ప్రైమరీ కీ (ప్రతి రికార్డుకూ వేరుగా ఉండే గుర్తింపు ఫీల్డ్) ఒక్కటి చేర్చితే ఏ రెండు రికార్డులూ సమానం కావు, డేటా మారనంత వరకు ఎన్నిసార్లు అడిగినా ఒకే వరస వస్తుంది.

రికార్డులు లక్షల్లో ఉంటే ఆఫ్‌సెట్‌తో (ముందు ఇన్ని రికార్డులు వదిలేయమని చెప్పడం) పేజీలు తిప్పడం కూడా మానేయండి. వెయ్యో పేజీ కావాలంటే ముందున్నవన్నీ లెక్కపెట్టి పక్కన పడేయాలి కాబట్టి లోపలికి వెళ్లేకొద్దీ నెమ్మదిస్తుంది. దాని బదులు కిందటి పేజీలో చివర చూపించిన రికార్డు విలువలు గుర్తుపెట్టుకుని, దాని తర్వాతివే అడగండి. టోటల్ డీఈఎస్‌సీ, రోల్ ఏఎస్‌సీ అనుకుంటే, చివర చూపించింది టోటల్ 480, రోల్ 21 అయితే షరతు ఇలా ఉంటుంది:

వేర్ టోటల్ < 480 ఆర్ (టోటల్ = 480 అండ్ రోల్ > 21)

చూశారా, ఇదీ మళ్లీ ఆ "ఒకటే అయితే" వాక్యమే. ఒక ఫీల్డ్ కిందికి, ఇంకోటి పైకి పోతున్నాయి కాబట్టి ఒకచోట చిన్నది గుర్తు, ఇంకోచోట పెద్దది గుర్తు పడ్డాయి.

6. ఖాళీ విలువలు ఎక్కడ నిలబడాలో మీరే చెప్పండి

పరీక్షకు రాని విద్యార్థి టోటల్ నల్ (అంటే ఏ విలువా లేదు) అనుకోండి. టోటల్ డీఈఎస్‌సీ అని అడిగితే పోస్ట్‌గ్రెస్‌లో, ఒరాకిల్‌లో అతనే సెక్షన్ ఫస్ట్‌గా పైన కూర్చుంటాడు! ఆ రెండూ నల్‌ను అన్నిటికంటే పెద్ద విలువగా చూస్తాయి. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్ అన్నిటికంటే చిన్నదిగా చూస్తాయి, కాబట్టి వాటిలో అడుగున ఉంటాడు. ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు ఇది ఎర్రర్ ఏమీ ఇవ్వకుండా జాబితాను మార్చేస్తుంది.

పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, 3.30 వెర్షన్ నుంచి ఎస్‌క్యూలైట్‌లలో ఫీల్డ్ దిశ పక్కన "నల్స్ లాస్ట్" అని రాస్తే సరిపోతుంది. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో ఆ సదుపాయం లేదు. ఎక్కడైనా నడిచే పద్ధతి కావాలంటే టోటల్‌కి ముందు, నల్ అయితే 1, కాకపోతే 0 ఇచ్చే ఇంకో ఫీల్డ్ పెట్టండి:

ఆర్డర్ బై సెక్షన్, కేస్ వెన్ టోటల్ ఈజ్ నల్ దెన్ 1 ఎల్స్ 0 ఎండ్, టోటల్ డీఈఎస్‌సీ, రోల్

నల్ బదులు సున్నా పెట్టేసి సార్ట్ చేయడం నాకు నచ్చదు. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాళ్లూ, అసలు రానివాళ్లూ ఒక గుంపులో కలిసిపోతారు.

7. అంకెలు అంకెల్లాగే, తేదీలు తేదీల్లాగే ఉన్నాయో లేదో చూడండి

రోల్ నంబర్ టెక్స్ట్ ఫీల్డ్‌లో ఉంటే వరస 1, 10, 11, 2, 21, 3 అని వస్తుంది. అంకెగా మార్చి సార్ట్ చేయండి, వీలుంటే కాలమ్ టైప్‌నే మార్చేయండి. తేదీలు కూడా టెక్స్ట్‌గా రోజు-నెల-సంవత్సరం పద్ధతిలో ఉంటే 01-12-2023 కంటే 02-01-2021 తర్వాత వస్తుంది. సంవత్సరం-నెల-రోజు పద్ధతిలో, నెలకూ రోజుకూ రెండేసి అంకెలతో రాస్తే టెక్స్ట్‌గా ఉన్నా సరైన క్రమమే వస్తుంది.

పేర్ల దగ్గర కొలేషన్ అనే సెట్టింగ్ చూసుకోవాలి. అక్షరాలను ఏ క్రమంలో పోల్చాలో అదే నిర్ణయిస్తుంది. అది యూనికోడ్ (కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) సంఖ్యల క్రమమే అయితే ఇంగ్లీష్ పేర్లలో పెద్దక్షరాలతో మొదలయ్యేవన్నీ ముందు, చిన్నక్షరాలవి తర్వాత వస్తాయి. తెలుగులోనూ ఒక తేడా ఉంది. మన వర్ణమాలలో ళ, హ తర్వాత వస్తుంది. యూనికోడ్ సంఖ్యల్లో మాత్రం ల పక్కనే, వ కంటే ముందుంది. అందుకే కల, కవి, కళ అని రావాల్సినవి కల, కళ, కవి అని రావచ్చు. తెలుగు పేర్ల జాబితా అచ్చుకు పంపేముందు ళ ఉన్న పేర్లు ఒకసారి చూసుకోండి.

అక్షర క్రమమూ కాదు, అంకెల క్రమమూ కాదు, "అర్జెంట్, మామూలు, తర్వాత చూద్దాం" లాంటి సొంత క్రమం కావాలంటే కేస్‌లో ఒక్కోదానికి 1, 2, 3 అని ఇచ్చి దాని మీద సార్ట్ చేయండి. మైఎస్‌క్యూఎల్‌లో ఇచ్చిన జాబితాలో ఒక విలువ ఎన్నోదో చెప్పే ఫీల్డ్ అనే ఫంక్షన్ ఉంది కానీ, జాబితాలో లేని విలువకు అది 0 ఇస్తుంది, ఏఎస్‌సీలో అవే ముందుకొచ్చేస్తాయి. ఇలాంటి క్రమాలు రెండు మూడు క్వెరీల్లో కావాల్సొస్తే ప్రాధాన్యాలకు ఒక చిన్న టేబుల్ పెట్టి, అందులో వరస సంఖ్య దాచుకోవడం మేలు.

8. ఫీల్డ్‌లను అతికించి ఒకటి చేయకండి

రెండు ఫీల్డ్‌లనూ కలిపి ఒక టెక్స్ట్‌గా చేసి దాని మీద సార్ట్ చేయడం పాత అలవాటు. గది 1, బల్ల 12 కలిపితే 112. గది 11, బల్ల 2 కలిపినా 112. రెండూ వేరువేరు చోట్లు, విలువ మాత్రం ఒకటే అయిపోయింది. పైగా ఒకటి కిందికి, ఇంకోటి పైకి కావాలంటే ఈ పద్ధతిలో కుదరదు. ఆర్డర్ బైలో కామా ఉండగా ఈ అవస్థ ఎందుకు?

9. నెమ్మదిగా ఉంటే ఇండెక్స్ సంగతి చూడండి

కొన్ని వేల రికార్డులకు ఇది అవసరం లేదు. లక్షలు దాటాక, ఆర్డర్ బైలో ఉన్న ఫీల్డ్‌లన్నిటినీ అదే వరసలో పెట్టి ఒక ఇండెక్స్ (ముందే క్రమంలో పేర్చి ఉంచిన సూచిక) చేస్తే డేటాబేస్ సార్ట్ చేసే పనే తప్పించుకోగలదు, ముఖ్యంగా మొదటి 20 మాత్రమే అడిగినప్పుడు. ఫీల్డ్‌కి ఒకటి చొప్పున విడివిడి ఇండెక్స్‌లు చేస్తే ఈ ప్రయోజనం రాదు.

దిశ కూడా కలవాలి. సెక్షన్, టోటల్ రెండూ ఏఎస్‌సీగా ఉన్న ఇండెక్స్‌ను వెనక నుంచి చదివితే రెండూ డీఈఎస్‌సీ అవుతాయి, కాబట్టి ఆ రెండు రకాలకూ పనికొస్తుంది. ఒకటి ఏఎస్‌సీ, ఇంకోటి డీఈఎస్‌సీ అడిగితే సరిపోదు, ఇండెక్స్‌ను కూడా అలాగే తయారుచేయాలి. మైఎస్‌క్యూఎల్‌లో 8.0కి ముందు ఇండెక్స్‌లో డీఈఎస్‌సీ అని రాసినా పట్టించుకునేది కాదు. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి మొదటి ఫీల్డ్‌కి మాత్రమే ఇండెక్స్ ఉన్నా దాన్ని వాడుకుని, ఒక్కో గుంపు లోపల మిగతా ఫీల్డ్‌ల మీద సార్ట్ చేసుకోగలుగుతోంది.

క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టి నడపండి, డేటాబేస్ ఆ పని ఎలా చేయబోతోందో చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో "యూజింగ్ ఫైల్‌సార్ట్" అని కనిపిస్తే ఇండెక్స్ వాడుకోకుండా విడిగా సార్ట్ చేస్తోందని అర్థం. నాలుగో మెట్టులో చేసినట్టు ఫీల్డ్‌ను ఫంక్షన్‌లో చుడితే మామూలు ఇండెక్స్ ఆ క్రమానికి అక్కరకు రాదు, ఆ ఫంక్షన్ మీదే ఇండెక్స్ చేయాల్సి ఉంటుంది.

ఎస్‌క్యూఎల్ కాకుండా వేరేచోట్ల చేస్తుంటే

ఎక్సెల్‌లో డేటా ట్యాబ్ కింద సార్ట్ నొక్కి, "యాడ్ లెవెల్"తో ఒక్కో ఫీల్డ్ చేర్చండి. పైనున్నదానికే మొదటి ప్రాధాన్యం. ఒక్క కాలమ్ మాత్రం సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టకండి, ఒకరి మార్కులు ఇంకొకరి పేరు పక్కకు చేరవచ్చు. యాక్సెస్ క్వెరీ డిజైన్‌లో ఎడమవైపున్న ఫీల్డ్ ముందు లెక్కలోకి వస్తుంది. ప్యాండాస్ అనే పైథాన్ లైబ్రరీలో సార్ట్_వాల్యూస్‌కి ఫీల్డ్‌ల జాబితా, వాటి దిశల జాబితా రెండూ ఇవ్వాలి.

ఒకసారికి ఒక ఫీల్డ్ మీదే సార్ట్ చేయగలిగే పరిస్థితి వస్తే వెనక నుంచి మొదలుపెట్టండి. అంటే ముందు రోల్ మీద, తర్వాత లెక్కల మీద, ఆ తర్వాత టోటల్ మీద, చివరికి సెక్షన్ మీద. 80 కాలమ్‌ల పంచ్ కార్డుల కాలంలో సార్టింగ్ యంత్రం ఒక విడతకు ఒక్క కాలమ్‌నే చూసేది కాబట్టి కార్డులను కుడి చివరి కాలమ్ నుంచి ఎడమకు ఇలాగే నడిపేవాళ్లు. ఈ పద్ధతి నిలబడాలంటే సార్ట్ స్టేబుల్‌గా ఉండాలి, అంటే సమానమైనవాటి పాత వరస చెదరకూడదు. పైథాన్ 2.3 నుంచి దానికి హామీ ఉంది, జావాస్క్రిప్ట్‌లో 2019 ప్రమాణం నుంచి. ఎస్‌క్యూఎల్‌లో మాత్రం ఇలా చేయకండి. లోపలి క్వెరీలో ఒక ఆర్డర్ బై, బయట ఇంకో ఆర్డర్ బై రాస్తే లోపలి క్రమం మిగులుతుందన్న హామీ లేదు.

సరిగ్గా వచ్చిందో లేదో పరీక్షించండి

అసలు డేటాను పైపైన చూసి సరే అనుకోకండి, దానిలో టై పడే రికార్డులు మొదటి పేజీలో ఉండకపోవచ్చు. పదో పన్నెండో రికార్డులు మీరే తయారుచేయండి. రెండిటికి సెక్షన్, టోటల్ ఒకటే, లెక్కలు వేరు. ఇంకో రెండిటికి రోల్ తప్ప అన్నీ ఒకటే. ఒకదానికి టోటల్ నల్, ఇంకోదానికి సున్నా. ఒక రోల్ నంబర్ 9, ఒకటి 10. రావాల్సిన వరసను ముందే కాగితం మీద రాసుకుని, తర్వాత క్వెరీ నడిపి పోల్చండి. ఆ తర్వాత పేజీకి మూడు చొప్పున అడిగి, పేజీలన్నీ కలిపితే ప్రతి రోల్ నంబరూ ఒక్కసారే వచ్చిందో లేదో చూడండి. ఈ రికార్డులను టెస్టుల్లో శాశ్వతంగా ఉంచేసుకుంటే, రేపు ఎవరైనా ఆర్డర్ బైలో కొత్త ఫీల్డ్ చేర్చినా, డేటాబేస్ మార్చినా తేడా వెంటనే తెలిసిపోతుంది.